సంగీత కళాశాల విద్య (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ)

సంగీత కళాశాల విద్య అనగా నిర్ణీత పాఠ్యక్రమం, తరగతులు, పరీక్షలు, ధ్రువపత్రాలతో జరిగే సంగీత బోధన. గురువు ఇంట ఉండి నేర్చుకొనే గురుకుల పద్ధతికి ఇది భిన్నమైనది. తెలుగునాట ఈ విద్య ప్రధానంగా ప్రభుత్వ సంగీత కళాశాలలలోను, తిరుమల తిరుపతి దేవస్థానముల కళాశాలలోను, విశ్వవిద్యాలయాల సంగీత శాఖలలోను లభిస్తున్నది. ప్రభుత్వ కళాశాలలలో బోధన రుసుము స్వల్పం కనుక సామాన్య కుటుంబాల పిల్లలకు కూడా ఈ విద్య అందుబాటులో ఉన్నది. అయితే సర్టిఫికెట్, డిప్లొమా, డిగ్రీ అనే మూడు ధ్రువపత్రాలకు చట్టరీత్యా, ఉద్యోగరీత్యా గల విలువ ఒకటి కాదు. ఈ భేదం తెలియక చేరినవారు ఏళ్ళ తరబడి చదివిన తరువాత ఉద్యోగ దరఖాస్తు సమయంలో ఇబ్బంది పడే అవకాశం ఉన్నది.

చరిత్ర

తెలుగు ప్రాంతంలో తొలి సంగీత కళాశాలగా విజయనగరం మహారాజా సంగీత కళాశాల ప్రసిద్ధి పొందినది. దీనిని పూసపాటి విజయరామ గజపతిరాజు 1919లో స్థాపించాడు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రధానాచార్యుడు. ద్వారం వెంకటస్వామి నాయుడు ఈ కళాశాలలో విద్యార్థిగా చేరడానికి రాగా, ఆయన వాయులీన వాదనం విన్న పెద్దలు ఆయనను అధ్యాపకుడిగానే నియమించారు. 1936లో నారాయణదాసు తరువాత ఆయనే ప్రధానాచార్యుడైనాడు. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రధానాచార్యుడుగా పనిచేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణకు బాల్యంలోనే కచేరీలు మొదలైనందున పాఠశాల చదువు ఎక్కువగా సాగలేదు. ఆ రోజులలో విద్వత్తే అర్హత. తరువాతి కాలంలో నియామక నిబంధనలు ఏర్పడి, విద్వత్తుతో పాటు ధ్రువపత్రం కూడా అవసరమైనది.

కళాశాలలు

* మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, విజయనగరం
* ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, విజయవాడ
* త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, రాంకోటి, హైదరాబాదు
* భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, సికింద్రాబాదు
* విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, వరంగల్లు
* శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల, తిరుపతి (తిరుమల తిరుపతి దేవస్థానములు)

విశ్వవిద్యాలయ స్థాయిలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయం సంగీతంలో ఉన్నత విద్యను అందిస్తున్నవి. తెలుగు విశ్వవిద్యాలయం 1985లో ఏర్పడినది. పొట్టి శ్రీరాములు పేరుతో ఉన్న ఈ సంస్థకు 2025లో తెలంగాణ శాసనసభ ఆమోదించిన బిల్లు ద్వారా సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టబడినది.

పాఠ్యక్రమం

ప్రభుత్వ సంగీత కళాశాలలలో సాధారణంగా నాలుగేళ్ళ సర్టిఫికెట్ కోర్సు, దానిపై రెండేళ్ళ డిప్లొమా కోర్సు ఉంటాయి. గాత్రం, వీణ, వాయులీనం, మృదంగం మొదలైనవి ముఖ్యమైన విభాగాలు. సర్టిఫికెట్ స్థాయిలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు, సులభమైన కృతులు నేర్పుతారు. డిప్లొమా స్థాయిలో పెద్ద కృతులతో పాటు రాగాలాపన, నెరవు, స్వరకల్పన వంటి మనోధర్మ సంగీతం ప్రవేశిస్తుంది. శాస్త్రభాగంలో 72 మేళకర్తలు, తాళ దశప్రాణాలు, రాగలక్షణాలు, వాగ్గేయకారుల చరిత్ర ఉంటాయి. పరీక్ష ప్రయోగం, శాస్త్రం అని రెండు భాగాలు.

అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో ఈ సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలను తెలుగు విశ్వవిద్యాలయం నిర్వహిస్తూ వచ్చినది. 2014లో రాష్ట్ర విభజన జరిగినందున, పరీక్ష నిర్వహించి పత్రం ఇచ్చే సంస్థ ఏదో ప్రవేశ ప్రకటనలో చూచుకొనుట మంచిది.

ధ్రువపత్రాలలో భేదాలు

భారతదేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం ఎవరికి ఉన్నదో 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) చట్టం 22వ సెక్షన్ చెబుతున్నది. దాని ప్రకారం చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, విశ్వవిద్యాలయాలుగా పరిగణింపబడే డీమ్డ్ సంస్థలు, పార్లమెంటు చట్టం ద్వారా ప్రత్యేకాధికారం పొందిన సంస్థలు మాత్రమే డిగ్రీ ఇవ్వగలవు. అందువలన ఆరేళ్ళు చదివి పొందిన సంగీత డిప్లొమా, దానికదే మూడేళ్ళ బి.ఏ. డిగ్రీతో సమానం కాదు. విద్వత్తులో డిప్లొమా విద్యార్థి ముందున్నప్పటికీ, డిగ్రీని అర్హతగా కోరే ఉద్యోగానికి ఆ పత్రం చాలదు. కొన్ని నియామకాలలో డిప్లొమాను సమానార్హతగా అంగీకరిస్తారు. అటువంటి అంగీకారం ఆ ఉద్యోగ ప్రకటనలో స్పష్టంగా ఉండాలి.

ఖర్చు

ప్రభుత్వ కళాశాలలో బోధన రుసుము కంటే ఇతర ఖర్చులే ఎక్కువ. అందులో మొదటిది బస, భోజనం. ఘంటసాల వేంకటేశ్వరరావు విజయనగరంలో చదివిన రోజులలో ఇంటింటా మధూకరం చేసుకొని కడుపు నింపుకొన్నాడు. అధ్యాపకుడు పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు ఆశ్రయమిచ్చి సంగీతం నేర్పాడు. ఈనాడు కూడా దూరప్రాంత విద్యార్థికి వసతిగృహం ఉన్నదా, లేదా అనేదే చాలావరకు చదువు ఖర్చును నిర్ణయిస్తుంది. సొంత ఊరిలో లేక సమీప పట్టణంలో కళాశాల ఉన్నవారికి ఈ భారం తగ్గుతుంది.

రెండవది వాద్యం. గాత్ర విద్యార్థికి శ్రుతిపెట్టె ఉంటే చాలును. వీణ విద్యార్థికి ఖర్చు ఎక్కువ. ఒకే పనస దుంగను తొలిచి చేసే బొబ్బిలి ఏకాండి వీణ విలువైనది. మృదంగానికి మూతలు అరిగినప్పుడల్లా మార్పించవలసి ఉంటుంది. కళాశాలలోని వాద్యంపై అభ్యాసం చేసుకొనే వీలున్నచో కొంత ఆదా అవుతుంది.

ఉపకార వేతనాలు

కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖకు చెందిన సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం (సి.సి.ఆర్.టి.) 10 నుండి 14 ఏళ్ళ వయసు గల బాలబాలికలకు సంగీతం మొదలైన కళలలో ప్రతిభాన్వేషణ ఉపకార వేతనాలు ఇస్తున్నది. 18 నుండి 25 ఏళ్ళ యువ కళాకారులకు గురువు వద్ద లేక సంస్థలో ఉన్నత శిక్షణ కొరకు రెండేళ్ళ పాటు ఉపకార వేతనం ఇచ్చే వేరొక పథకం కూడా ఉన్నది.

ఉపాధి

ఆకాశవాణి: ఇక్కడ గాత్ర, వాద్య పరీక్షయే ముఖ్యం. ఉత్తీర్ణులైన శాస్త్రీయ సంగీత కళాకారులను బి, బి-హై, ఏ, టాప్ అనే శ్రేణులుగా విభజిస్తారు. శ్రేణి పొందిన కళాకారునికి కార్యక్రమాలు, పారితోషికం లభిస్తాయి. కాని ఇది నెలజీతపు ఉద్యోగం కాదు.

పాఠశాలలు: కేంద్రీయ విద్యాలయాలలో ప్రాథమిక స్థాయి సంగీత ఉపాధ్యాయులకు సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ లేక తత్సమానార్హత కోరుతూ వచ్చారు. నవోదయ విద్యాలయాల ప్రకటనలలో డిగ్రీతో పాటు గాంధర్వ మహావిద్యాలయ సంగీత విశారద, ప్రయాగ సంగీత సమితి సంగీత ప్రభాకర వంటి పరీక్షలకు కూడా గుర్తింపు ఇచ్చారు.

విశ్వవిద్యాలయాలు: సహాయాచార్య పదవికి 55 శాతం మార్కులతో స్నాతకోత్తర డిగ్రీ, నెట్ లేక సెట్ ఉత్తీర్ణత లేక పిహెచ్.డి. కావాలి. నెట్ పరీక్షలో సంగీతం ఒక విషయంగా ఉన్నది. 2018 నాటి యు.జి.సి. నియమావళిలో, పేరుపొందిన గురువుల వద్ద నేర్చి, ఆకాశవాణి లేక దూరదర్శన్ 'ఏ' శ్రేణి పొందిన కళాకారులకు మరొక దారి కల్పించారు. ఆ దారిలో కూడా బ్యాచిలర్ డిగ్రీ అవసరమే.

దేవాలయాలు: నాదస్వరం, డోలు విద్వాంసులకు ఆలయాలలో కొలువులు ఉంటాయి. తిరుమల తిరుపతి దేవస్థానములు 1978లో ప్రారంభించిన అన్నమాచార్య ప్రాజెక్టు గాయకులకు వేదిక కల్పించినది.

స్వతంత్ర బోధన: ఇంటి వద్ద, ప్రైవేటు పాఠశాలలలో బోధించే సంగీత ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. విదేశాలలోని తెలుగు కుటుంబాల పిల్లలకు అంతర్జాలం ద్వారా పాఠాలు చెప్పడం ఇటీవల పెరిగినది.

ఏ కళాశాల పత్రమూ ఉద్యోగానికి హామీ కాదు. సంగీత పోస్టులు సంఖ్యలో తక్కువ, ప్రకటనలు ఏళ్ళ వ్యవధితో వెలువడుతుంటాయి.

తక్కువ ఖర్చుతో డిగ్రీ మార్గం

అనేక సంగీత కళాశాలలలో తరగతులు సాయంకాలం జరుగుతాయి. కనుక విద్యార్థి పగలు పాఠశాలలో చదువుతూ సాయంకాలం సర్టిఫికెట్ కోర్సును, ఆపై సాధారణ డిగ్రీ చదువుతూ డిప్లొమాను పూర్తిచేయవచ్చును. ఒకే కాలంలో రెండు కోర్సులు చదవడానికి 2022లో యు.జి.సి. మార్గదర్శకాలు అనుమతి ఇచ్చినవి. అయితే తరగతుల వేళలు ఒకదానితో ఒకటి ఢీకొనరాదు. ఏదైనా డిగ్రీకి తోడు సంగీత డిప్లొమా ఉన్నవారిని ఎం.ఏ. సంగీతం ప్రవేశానికి అనుమతించే విశ్వవిద్యాలయాలు ఉన్నవి. ఈ మార్గంలో విద్వత్తు, డిగ్రీ రెండూ తక్కువ ఖర్చుతో లభిస్తాయి. సంగీతంలో అవకాశం ఆలస్యమైనచో, సాధారణ డిగ్రీ ఆధారంగా ఇతర ఉద్యోగాలకు ప్రయత్నించే వీలు కూడా ఉంటుంది. బ్యాచిలర్ స్థాయిలోనే సంగీత డిగ్రీ కోరే ఉద్యోగాలకు మాత్రం ఈ మార్గం సరిపోతుందో లేదో ముందుగా చూచుకోవాలి.

ప్రవేశానికి ముందు పరిశీలించవలసినవి

# ఇచ్చే పత్రం సర్టిఫికెటా, డిప్లొమానా, డిగ్రీయా. దానిపై ఏ సంస్థ ముద్ర ఉంటుంది.
# డిగ్రీ అయినచో ఆ విశ్వవిద్యాలయం యు.జి.సి. జాబితాలో ఉన్నదా, దూరవిద్య అయినచో ఆ కోర్సుకు ఆ సంవత్సరం అనుమతి ఉన్నదా.
# ఎంచుకొన్న వాద్యానికి శాశ్వత అధ్యాపకుడు ఉన్నాడా, లేక పోస్టు ఖాళీగా ఉన్నదా.
# వారానికి ఎన్ని గంటల బోధన, తరగతిలో ఎందరు విద్యార్థులు.
# పూర్వ విద్యార్థులలో ఎందరు ఆకాశవాణి శ్రేణి, నెట్ లేక ఉపాధ్యాయ పదవి పొందారు.
# వసతిగృహం, విద్యార్థి కచేరీలకు అవకాశం ఉన్నవా.

ప్రముఖ పూర్వ విద్యార్థులు

విజయనగరం కళాశాలలో చదివినవారిలో ఘంటసాల వేంకటేశ్వరరావు, పి. సుశీల, నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ ప్రముఖులు. నేదునూరి కృష్ణమూర్తి అనంతర కాలంలో పలు సంగీత కళాశాలలకు ప్రధానాచార్యుడుగా పనిచేసి, 1991లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు పొందాడు.

ఇవి కూడా చూడండి

* కర్ణాటక సంగీతం
* ద్వారం వెంకటస్వామి నాయుడు
* పట్రాయని సీతారామశాస్త్రి
* బొబ్బిలి వీణ
* ఆకాశవాణి