దండనాయకుని పదవి



అమెరికా సంయుక్త రాష్ట్రములలో చిరకాలము యుద్ధకార్యదర్శి యను మంత్రి యొకడుండెను. సైన్యమునకు జీతములు, తిండి, గుఱ్ఱములు, తుపాకులు, కోటలు, వీనినన్నిటిని సమకూర్చుట ఆయన పని. యుద్ధరంగమున నిలుచువారు సేనానులు. వారిపై ఆజ్ఞ చెల్లించువాడు దేశాధ్యక్షుడు. ఆ యిరువుర నడుమ ఈ కార్యదర్శి యుండును. వజ్రకరూరు రచ్చబండపై కూర్చుండువారికి ఆ మంత్రుల ముచ్చట యేల యని మీరడుగవచ్చును. ఈ పదవి మన సీమలోను ఉండెను. అమెరికా స్వతంత్రమగుటకు మూడువందల యేండ్ల ముందే ఉండెను. దానిని వహించినవారిలో మిక్కిలి గొప్పవాడు కన్నులు పోగొట్టుకొని చెరసాలలో పడెను. నేను చెప్పదలచినది ఆ కథ. అయినను ముందుగా అమెరికావారి సంగతి కొంత చెప్పినగాని మనవాని కష్టము తేటపడదు.

అమెరికా యుద్ధశాఖ 1789లో ఏర్పడెను. తొలి కార్యదర్శి హెన్రీ నాక్సు. ఆయన మొదట బోస్టను నగరమున పుస్తకముల అంగడి నడిపినవాడు. స్వాతంత్ర్య యుద్ధకాలమున, 1775-76 చలికారులో, టైకండెరోగా కోటలోని ఫిరంగులను ఎద్దులచేతను గుఱ్ఱములచేతను మంచుమీద లాగించి బోస్టనుకు చేర్చెను. నల్లరేగడిలో దిగబడిన బండిని లేపిన రైతునకు ఆ పని యెట్టిదో నేను వివరింపనక్కరలేదు.

ఆయన తరువాతివారిలో మనకు ముఖ్యుడు ఎడ్విన్ స్టాంటన్ అను న్యాయవాది. అబ్రహాము లింకను ఆయనను 1862 జనవరిలో ఆ పదవియందు నియమించెను. అప్పుడు ఉత్తర దక్షిణ రాష్ట్రములకు అంతర్యుద్ధము సాగుచుండెను. 1865లో యుద్ధము ముగియుచుండగనే లింకను హతుడయ్యెను. ఆండ్రూ జాన్సను అధ్యక్షుడయ్యెను. ఓడిన దక్షిణ రాష్ట్రములను ఎట్లు పాలింపవలయునను విషయమున క్రొత్త అధ్యక్షునకును పాత కార్యదర్శికిని పొసగలేదు. శాసనసభ స్టాంటన్ పక్షము వహించెను. తన సమ్మతి లేక అధ్యక్షుడు ఇట్టి అధికారులను తొలగింపరాదని 1867లో చట్టమొకటి చేసెను. అయినను 1868 ఫిబ్రవరి 21వ తేదీన జాన్సను ఆయనను తొలగించి, లోరెంజో తామసు అను సేనానిని ఆ స్థానమున నియమించెను.

స్టాంటన్ కదలలేదు. కచేరి తలుపులు బిగించుకొని అక్కడనే తినుచు, అక్కడనే నిద్రించుచు వారముల తరబడి కూర్చుండెను. మూడు దినములలో ప్రతినిధి సభ అధ్యక్షునిమీదనే నేరారోపణ చేసెను. సెనేటు విచారించెను. మే నెలలో వోట్లు లెక్కించినప్పుడు నేరము కలదన్నవారు 35 మంది, లేదన్నవారు 19 మంది. శిక్షకు మూడింట రెండు పాళ్లు కావలెను. ఒక్క వోటు తక్కువయ్యెను. జాన్సను నిలిచెను, స్టాంటన్ మే 26న పదవి విడిచి యింటికి పోయెను. మరుసటి సంవత్సరము డిసెంబరులో మరణించెను. దేశమంత అల్లకల్లోలమైనను, సైన్యపు లెక్కలన్నియు చేతబట్టుకొనిన మంత్రిని తొలగించుటలో ఒక్కని తలయు తెగలేదు. చట్టము తప్పో ఒప్పో గాని, వాదించుకొనుటకు ఒక స్థలముండెను. ఆ మాటను మనసున నుంచుకొని ఇప్పుడు తుంగభద్రా తీరమునకు రండు.

1443లో పారసీక రాజైన షారూఖు పంపగా అబ్దుర్ రజాక్ అను రాయబారి విజయనగరమునకు వచ్చెను. అప్పుడేలుచున్నవాడు రెండవ దేవరాయలు. రాయబారి అక్కడ ‘దనాయక్’ అను అధికారిని చూచెను. అది మన దండనాయక శబ్దమే. జనుల నోట ‘దన్నాయక’ యయ్యెను. ఆ అధికారి స్తంభములు గల పెద్ద కొలువుకూటమున ఎత్తైన పీఠముపై కూర్చుండి అర్జీలు వినును. పనిగలవారు బెత్తములవారి నడుమనుండి పోయి, కానుక పెట్టి, సాష్టాంగపడి తమ మొఱ చెప్పుకొందురు. సైన్యము ఆయనదే, తగవులును ఆయనవే.

ఆ రాయబారి వ్రాసిన ఒక సంగతి చదివిననాటినుండి నా మనస్సును వదలలేదు. దన్నాయకుడు కొలువు ముగించి రాజదర్శనమునకు పోవునప్పుడు రంగురంగుల గొడుగులు ముందు నడుచునట. బాకాలు మ్రోగునట, ఇరుప్రక్కల వంది జనులు స్తోత్రములు చేయుదురట. రాజును చేరవలెనన్న ఏడు వాకిళ్లు దాటవలెను. వాకిలి వాకిలికి ఒక గొడుగు వెనుక నిలిచిపోవును. ఏడవ వాకిలి దాటి లోపలికి అడుగుపెట్టునప్పటికి ఆయన ఒంటరివాడు. లోపల ఏమి జరిగినను చూచువాడు లేడు, అడుగువాడు లేడు.

ఇక ఆ సైన్యము ఎక్కడిది? మన పల్లెలదే. రాయలు ఒక్కొక్క సీమను ఒక్కొక్క నాయకునకు ఇచ్చెడివాడు. నాయకుడు పన్నులు వసూలుచేసి, అందు కొంత బొక్కసమునకు కట్టి, మిగిలినదానితో ఇంతమంది కాల్బలమును, ఇన్ని గుఱ్ఱములను, ఇన్ని ఏనుగులను పోషింపవలెను. దీనినే అమరనాయంకరమందురు. 1535 ప్రాంతమున విజయనగరమున నుండిన నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు ఆ నాయకుల పేర్లును వారి లెక్కలును వ్రాసియుంచెను. వారిలో అడపనాయకుడొకడు. అడపమనగా తాంబూలపు సంచి. రాజునకు విడెమందించు కొలువు అది. ఆ పేరుగల నాయకుని సీమలో వజ్రములు దొరకుననియు, ఆయన యేటేట నలువదివేల వరాహలు రాయలకు కట్టుచు 800 గుఱ్ఱములను 30 ఏనుగులను పోషించుననియు నూనిజ్ వ్రాసెను. ఇరువది మంజాడులకు మించిన రాయి దొరకినచో అది రాయలదే. ఆ సీమకు నూనిజ్ పెట్టిన పేరు ‘గేటె’. అది మన తూర్పుదిక్కున నున్న గుత్తియే కావచ్చునని ఊహించినవారు కలరు. తొలకరి వానకు చేలలో వంగి రాళ్లు వెదకు మనవారికి ఆ యూహ యింపుగానే యుండును. వానలు తప్పిన యేడు సయితము నలువదివేలును కట్టవలసినదే గదా! ఆ భారము చివరకు ఎవరి నెత్తిమీద పడియుండునో ఈ మెట్టసీమవారికి వేరుగా చెప్పవలెనా?

గుఱ్ఱములు ఓడలమీద వచ్చెడివి. సాళువ నరసింహరాయలు వానిని బ్రదికినవైనను చచ్చినవైనను కొనెడివాడనియు, త్రోవలో సముద్రముమీద చచ్చినదానికి తోక చూపిన చాలుననియు నూనిజ్ చెప్పును. గుఱ్ఱము లేనిదే రాజ్యము లేని కాలమది. అట్టి కాలమున గుఱ్ఱముల లెక్కయు నాయకుల లెక్కయు ఎవని చేతిలో నుండునో వాడు రాజునకు కుడిభుజము; ఆ భుజమును చూచి రాజే భయపడు దినమును రావచ్చును.

సాళువ తిమ్మరుసు అట్టివాడు. 1962లో వచ్చిన చలనచిత్రము వలన ఆయన పేరు ఎరుగని తెలుగు పల్లె లేదు. శ్రీకృష్ణదేవరాయలు 1509లో పట్టాభిషిక్తుడయ్యెను. అంతకుముందేలిన వీరనరసింహుడు మరణశయ్యమీద, తన చిన్న కుమారునకు రాజ్యము దక్కుటకై తమ్ముడైన కృష్ణరాయల కన్నులు తీయించుమని తిమ్మరుసును ఆజ్ఞాపించెనట. తిమ్మరుసు మేక కన్నులు తెచ్చి చూపి కృష్ణరాయలను కాపాడెనట. ఇదియు నూనిజ్ వ్రాసినదే. బజారులో విన్న కథ కావచ్చును. అయినను ఆ కథ పుట్టుటకు తగినంత చనవు ఆ యిరువురకును ఉండెననుటలో సందేహము లేదు. రాయలు ఆయనను ‘అప్పాజీ’ యని పిలిచెడివాడని తెలుగువారి వాడుక.

ఆ చనవునకు తగిన పనియే ఆయన చేసెను. గజపతులమీది దండయాత్రలో ఉదయగిరి 1514లో లొంగెను. 1515 జూన్ 23న కొండవీడు పట్టువడెను. గజపతి కుమారుడైన వీరభద్రుడు చిక్కెను. కొండవీటిసీమ తిమ్మరుసు పాలనలోనికి వచ్చెను. ఆయన మేనల్లురు నాదెండ్ల అప్ప, గోప ఆయనక్రింద దుర్గాధికారము చేసిరి. మామయు మేనల్లుడును పండితులు గూడ: తిమ్మరుసు అగస్త్యుని బాలభారతమునకును, గోపన ప్రబోధచంద్రోదయమునకును వ్యాఖ్యలు వ్రాసిరి. 1520 ప్రాంతమున వచ్చిన పాయెస్ అను పోర్చుగీసువాడు ఈ వృద్ధమంత్రిని చూచి, నగరి యంతయు ఆయన యాజ్ఞలోనే యున్నదనియు, పెద్ద పెద్ద ప్రభువులు రాజునెడ నెట్లో ఆయనయెడ నట్లే మెలగుదురనియు వ్రాసెను. ఆ మాట ఆయనకు కీర్తి. నా బుద్ధికి తోచినంతవరకు ముప్పును అదియే.

1524 ప్రాంతమున రాయలు ఆరేండ్ల కుమారుడైన తిరుమలరాయలకు పట్టముగట్టి, తాను ప్రక్కన నిలిచి రాజ్యము నడపించెను. కొన్ని నెలలకు బాలుడు జబ్బుపడి చనిపోయెను. తిమ్మరుసు కుమారుడు విషము పెట్టించెనని రాయలు నమ్మెను. అప్పటికి ఆ మంత్రి బలమెంతయనగా, ఆయనను పట్టుకొనుటకు రాయలు తన నగరమున నుండిన పోర్చుగీసువారి తోడ్పాటు కోరెనని నూనిజ్ చెప్పును. నిండు కొలువున నింద మోపి తండ్రిని కొడుకులను బంధించిరి. మూడేండ్ల తరువాత ఒక కుమారుడు చెర తప్పించుకొని పోయి, దుర్గమొకటి చేరి తిరుగబడెను. రాయల సేన ముట్టడించి పట్టితెచ్చెను. అప్పుడు ముగ్గురి కన్నులును తీయించిరి. ఆ దేశమున బ్రాహ్మణులకు మరణదండన లేదు గనుక ఆ శిక్ష యని నూనిజ్ కారణము చెప్పెను. తిరుగబడిన కుమారుడు చెరలోనే చనిపోయెను.

ఇది యెంత నిజము? నూనిజ్ వచ్చునాటికి ఈ సంగతులు జరిగి పదియేండ్లు కావచ్చెను. రాయలు 1529లోనే గతించెను. అతడు విన్నది వ్రాసినవాడు. ఆయన గ్రంథమును స్యూయెల్ దొర 1900లో ఇంగ్లీషున అచ్చువేయించిన పిమ్మట మన పండితులలో కొందరు ఈ కథను కొట్టివేసిరి. బాలుడైన తిరుమలరాయలకు పట్టమైన మాట మాత్రము ఆనాటి శాసనముల వలన తెలియుచున్నది. గుఱ్ఱములమ్ముకొన వచ్చినవానికి తిమ్మరుసుమీద పగయుండుటకు హేతువు కనబడదు. కావున చెరయు కన్నులు తీయించుటయు జరిగినవనియే నేనెంచుచున్నాను. విషము మాట మాత్రము నాకు నమ్మిక కలిగింపదు. ఆరేండ్ల బిడ్డ జబ్బుపడి చనిపోవుటకు ఆ కాలమున విషమే కావలెనా? ఆ ప్రశ్న అడుగుటకు అక్కడ ఎవ్వరును లేకపోయిరి. స్టాంటన్ తలుపు బిగించుకొనిన గదికి వెనుక ఒక చట్టమును, చట్టమునకు వెనుక ఒక సభయు నుండెను. తిమ్మరుసు వెనుకనుండిన బలమంతయు తన మనుష్యులదే. ఆ బలమే ఆయన నేరమునకు సాక్ష్యమయ్యెను.

అమెరికావారు 1947లో యుద్ధకార్యదర్శి యను పేరు తీసివేసి, సేనల నన్నిటిని రక్షణకార్యదర్శి క్రిందికి తెచ్చిరి. స్వతంత్ర భారతమున ఆ పనికి రక్షణమంత్రి యేర్పడెను. తెలుగువారిలో పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1984 చివరనుండి 1985 సెప్టెంబరు వరకును, ప్రధానమంత్రిగా నున్నపుడు 1993 మొదలు 1996 వరకును ఆ శాఖను వహించిరి. పార్లమెంటులో సభ్యులడిగిన ప్రశ్నలకు లేచి బదులు చెప్పుట ఆ పదవిలో ఒక భాగము.

తిమ్మరుసు పదవి విజయనగరమున ఖాళీగా నుండలేదు. నూనిజ్ ‘అజబొయిస్స’ యని వ్రాసినవాడు ఆయన తరువాత ప్రధానియయ్యెను. అతడు రాయసము కొండమరుసు కుమారుడైన అయ్యపరుసని పోల్చినవారు కలరు. కొండవీటిసీమలో, మంగళగిరి, కాజ స్తంభశాసనములయందు, తిమ్మరుసు పేరు మేనల్లుర పేర్లతోగూడ చెక్కినది చెక్కినట్లే నిలిచెను.