జెనోవాలో శనగపిండి, మోటుపల్లి కబురు

జెనోవా పాత రేవు వెనక సందుల్లో ఒంటరిగా తిరుగుతుంటే శనగపిండి కాలుతున్న వాసన ముక్కుకు తగిలింది. వాసన పట్టుకుని పోతే ఒక చిన్న కొట్టు. కట్టెల మంట మీద వెడల్పాటి రాగి పళ్లెం, అందులో బంగారు రంగు అట్టు. పేరు ఫరినాతా. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే సరుకు. పైన కరకర, లోపల మెత్తన. మిరియాల పొడి చల్లుకుని తిన్నాను. పచ్చిమిరపకాయ లేని లోటు లోటే!

1284లో మెలోరియా దగ్గర పీసా నౌకాదళాన్ని ఓడించి జెనోవా ఓడలు వస్తుండగా తుపానులో పిండి, నూనె, ఉప్పునీరు కలిసిపోయి ఈ వంట పుట్టిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. అది కథే కావచ్చు. ఆ యుద్ధంలో పట్టుబడ్డాడని చెప్పే పీసావాడు రుస్టికెల్లో మాత్రం కథ కాదు. 1298లో జెనోవా చెరలో మార్కోపోలో చెబుతుంటే ప్రయాణాలన్నీ రాసింది అతనే.

ఆ చెర సాన్ జార్జో భవనమేనంటారు. 1260 నాటి ఆ గోడల ముందు కాసేపు ఊరికే నిలబడ్డాను. పోలో చెప్పిన ముత్ఫిలి మన మోటుపల్లి రేవు. అక్కడ న్యాయంగా ఏలిందని అతను చెప్పిన రాణి మన రుద్రమదేవి అంటారు చరిత్రకారులు. సాలెగూడంత సన్నని బట్టల గురించీ, వజ్రాల గురించీ ఆ పుస్తకంలో ఉంది.

జెనోవాకి ఓడలు ఇంకా వస్తున్నాయి. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఓ పల్లెటూరు.