బొటనవేలు లేని చెయ్యి

ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక రేడియస్. అది కొంతగానో పూర్తిగానో లేకుండా బిడ్డ పుడితే, చెయ్యి మణికట్టు దగ్గర అటువైపే వంగిపోతుంది. బొటనవేలు చిన్నదిగా ఉంటుంది, ఒక్కోసారి అసలే ఉండదు. రేడియల్ క్లబ్ హ్యాండ్ అనే ఈ లోపాన్ని ఫ్రెంచి సర్జన్ పెతీ 1733లో ఒక పసికందు శవపరీక్షలో చూసి వర్ణించాడు. అంతకుముందు 16వ శతాబ్దంలో ఆంబ్రోయిజ్ పారే ఇలాంటి పుట్టుకలకు చెప్పిన కారణాల్లో దైవాగ్రహం ఉంది, తల్లి ఊహలూ ఉన్నాయి. మన దగ్గరైతే కడుపుతో ఉన్నావిడ గ్రహణంవేళ కత్తిపీట ముట్టిందంటారు. ఎక్కడైనా నింద తల్లిదే.

వంకర తీయడమే 19వ శతాబ్దపు సర్జన్ల పట్టుదల. 1893లో అమెరికాలో సేర్ చేతిని ముంజేతిలోని రెండో ఎముక అల్నా కొనమీద నిలబెట్టే ఆపరేషన్‌ను వివరించాడు. ఆ పద్ధతి మార్పులతో ఇప్పటికీ ఉంది. కానీ బిడ్డ ఎదిగేకొద్దీ వంకర తిరిగి రావడం మామూలే. ఆపరేషన్‌లో అల్నా ఎదిగే కొన దెబ్బతింటే, అసలే పొట్టిగా ఉన్న ముంజేయి మరీ పొట్టిగా మిగులుతుంది. ఇక మోచెయ్యి ముడవలేని పిల్లలకు ముద్ద నోటికి అందేదే ఆ వంకర వల్ల! దాన్ని సరిచేస్తే చెయ్యి చూడ్డానికి బాగుంటుంది, అన్నం పెట్టడానికి మాత్రం ఇంకొకరు కావాలి. అందం కోసం పని పోగొట్టడం నా దృష్టిలో వైద్యం కాదు.

పని వైపు చూపు తిరగడంలో హాంబర్గ్ నగరం పాత్ర పెద్దది. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికొచ్చిన నిద్రమందు థాలిడోమైడ్‌ను గర్భిణులు వేవిళ్లకూ వాడారు. చేతులు ఏర్పడే తొలి వారాల్లో మింగిన ఆ మాత్రల వల్ల ప్రపంచంలో దాదాపు 10,000 మంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టారని అంచనా. 1961 నవంబరులో హాంబర్గ్ వైద్యుడు విడుకింట్ లెంజ్ హెచ్చరించాక ఆ దేశంలో మందు అమ్మకం ఆగింది. ఆ ఊళ్లోనే సర్జన్ బుక్ గ్రామ్‌కో చూపుడువేలిని నరాలు, రక్తనాళాలతో సహా కదిలించి, పొట్టి చేసి, తిప్పి, బొటనవేలి చోట అమర్చే పద్ధతిని మెరుగుపరిచి 1971లో ఫలితాలు ప్రకటించాడు. బొటనవేలు లేని పిల్లల ఆపరేషన్లకు ఇప్పటికీ ఆధారం అదే.

అన్నిటికీ మందు కారణం కాదు. గైడో ఫంకోనీ 1927లో వర్ణించిన రక్తహీనతలో బొటనవేలి లోపం పుట్టుకతోనే కనిపించవచ్చు. ఎముకమజ్జ మాత్రం ఏళ్ల తర్వాత చతికిలబడుతుంది. ఈ జబ్బు ఎక్కువగా తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడుతుంది కాబట్టి మేనరికాలున్న మన ఇళ్లలో తెలిసి ఉండాల్సిన సంగతి. 1960లో హోల్ట్, ఓరమ్ వర్ణించిన మరో జబ్బులో చేతి లోపంతో పాటు గుండెకు రంధ్రం ఉండొచ్చు. అందుకే ఇవాళ చెయ్యి చూసిన సర్జన్ కత్తి పట్టకముందే గుండెకు ఎకో, రక్తానికి క్రోమోజోమ్ పరీక్ష రాస్తాడు.