పొగ పట్టిన కుండ

మా మెట్ట ఊళ్లలో శుభకార్యం జరుగుతున్న ఇంట ‘అరిష్టం’ అన్న మాట ఎవరైనా నోరు జారి అంటే పెద్దవాళ్లు వెంటనే కసురుకుంటారు. అదే ఇంట్లో, బాలింత మంచం పక్క గూట్లో, ముదురురంగు సీసా మీద పెద్ద అక్షరాలతో ‘దశమూలారిష్టం’ అని రాసి ఉంటుంది. అన్నం తిన్నాక రెండు చెంచాలు, అంతే నీళ్లు కలిపి ఆ తల్లికి పట్టిస్తారు. కీడు పేరు పెట్టిన మందును బిడ్డను కన్న ఇంట్లో ఎందుకు ఉంచుతారన్న సందేహం నాకు చిన్నప్పుడే వచ్చింది. జవాబు చాలా ఏళ్లకు దొరికింది. సంస్కృతంలో ‘రిష్టం’ అంటే హాని, చెరుపు. అది లేనిది అరిష్టం. చెడనిది, పాడుకానిది అని ఆ మందు పేరుకు అర్థం. మాటకు రెండో అర్థమైన అపశకునం మనకు నిత్యవాడుకలో మిగిలింది, మొదటిది సీసాలో మిగిలింది.

పానీయాన్ని చెడిపోకుండా నిలబెట్టడం ఎంత కష్టమో తెలియాలంటే నందిగామ, జగ్గయ్యపేట మధ్య తాటిచెట్ల కింద ఒక పూట కూర్చుంటే చాలు. తెల్లవారుజామున దించిన లొట్టిలో కల్లు తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేసరికి నురగ కడుతుంది, మధ్యాహ్నానికి పులుస్తుంది, మర్నాటికి ముక్కు మూసుకోవాల్సిన పులినీళ్లవుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులవదు, నీరా అవుతుంది. కానీ అప్పుడు అది కల్లు కాదు. పులియాలి, పులిసి ఒక చోట ఆగాలి, ఆగి ఏళ్ల తరబడి అలాగే ఉండాలి. సూక్ష్మజీవి అన్న మాటే పుట్టని కాలంలో ఈ చిక్కుముడిని ఎవరో విప్పారు. ఆ కథ చెప్పాలనే ఈ ప్రయత్నం.

పాత పద్ధతిలో కుండలో దింపిన అరిష్టాన్ని నేను రుచి చూసింది ఒక్కసారే, మునేటి ఒడ్డు పల్లెలో నాటువైద్యం చేసే ఒక పెద్దాయన ఇంట్లో. కుండ మూతి విప్పబోయే ముందు ఆయన దాని పొట్టకు చెవి ఆనించి చాలాసేపు కదలకుండా కూర్చున్నారు.

“అయిందా తాతగారూ?” అన్నాను.

“ఇంకా పలుకుతోంది నాయనా. నువ్వూ విను.”

విన్నాను. చినుకులు తాటాకు మీద పడుతున్నట్టు, ఎక్కడో చాలా లోపల సన్నని చిటపట. మూడు రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నారు. వెళ్లేసరికి కుండ మౌనంగా ఉంది. మూత కొద్దిగా ఎత్తి, వెలిగించిన అగ్గిపుల్లను మూతి దగ్గర పెట్టారు. ఆరలేదు. లోపల ఇంకా బొగ్గుపులుసు వాయువు పుడుతుంటే మంట నిలవదు. ఆరకుండా నిలిచిందంటే పులియడం ముగిసినట్టే. పైన తేలుతూ ఉన్న దినుసుల పొడులు కూడా అప్పటికి అడుగుకు దిగి ఉన్నాయి.

గుడ్డలో వడకట్టి చిన్న గిన్నెలో పోసిచ్చారు. మొదట నాలుకకు తగిలింది బెల్లం పాకం ముదిరిన తీపి, దాని వెనకే లవంగం, పిప్పలి ఘాటు. మింగాక చెట్టు బెరడు నమిలినట్టు వగరు. ఇవన్నీ నేను ఎదురుచూసినవే. ఎదురుచూడనిది పొగ. దాలిలో పిడకల మీద మధ్యాహ్నం దాకా కాగి ఎర్రమీగడ కట్టిన పాలల్లో ఉంటుందే, ఆ వాసనే సన్నగా గొంతు చివర నిలిచింది. మందు అనిపించలేదు. ఎవరో ఎంతో ఓర్పుతో వండిన పానీయం అనిపించింది.

ఈ పొగ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

కౌటిల్యుడి అర్థశాస్త్రం తాళపత్ర ప్రతి మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో 1905లో శామశాస్త్రి కంటపడింది, 1909లో అచ్చయింది. అందులో సురాధ్యక్షుడి ప్రకరణం చదివితే ఒక సారాయి శాఖాధికారి దస్త్రం తెరిచినట్టే ఉంటుంది. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని పానీయాల పేర్లు, దేనిలో ఏమెంత వేయాలన్న కొలతలు. అరిష్టాలను మాత్రం రోగాన్ని బట్టి వైద్యుల లెక్క ప్రకారం చేయాలని వదిలేశాడు. మైరేయం వివరం నన్ను ప్రత్యేకంగా ఆపింది. మేషశృంగి బెరడు కషాయంలో బెల్లం వేసి, పిప్పళ్లు, మిరియాలు కలిపి పులియబెట్టాలి. మేషశృంగి అంటే మన పొడపత్రి అని చాలామంది వైద్యులు చెబుతారు. దాని ఆకు నమిలితే కాసేపు నాలుకకు తీపే తెలియదు. అలాంటి మూలికను తీపి పానీయంలో వేసినవాడికి రుచుల మీద ఎంత పట్టు ఉండి ఉండాలి!

ఈ మైరేయమే పాలీలో మేరయ. బౌద్ధుల పంచశీలలో అయిదోది మానుకొమ్మన్న మత్తుపానీయాల్లో సుర ఒకటైతే మేరయ రెండోది. జగ్గయ్యపేటకు ఈ కథలో వాటా ఇక్కడే ఉంది. బేతవోలు అన్న పాత ఊరికి వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే అక్కడి ధనంబోడు గుట్ట మీద బౌద్ధస్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని వెలికితీశాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం శాసనాలు అక్కడ దొరికాయి. ఆ గుట్ట మీద బతికిన భిక్షువులు మేరయను ముట్టకూడదు. మరి మందులో కలిపితే?

వినయపిటకంలో దీనికో కథ ఉంది. పిలిందవచ్ఛుడనే భిక్షువుకు వాతం చేసింది. నూనె కాచి అందులో మద్యం కలిపి ఇవ్వాలన్నారు వైద్యులు. బుద్ధుడు సరేనన్నాడు. కొందరు మద్యం మరీ ఎక్కువ పోసి కాచి, తాగి మత్తెక్కారు. అప్పుడు ఆయన గీత గీశాడు: మద్యం రంగు, వాసన, రుచి తెలియనంత వరకే అది మందు. కొలపాత్రా త్రాసూ లేకుండా, కన్ను, ముక్కు, నాలుకలతోనే పెట్టిన హద్దు అది. ఇంతకంటే మెరుగైన హద్దు తర్వాతివాళ్లు కూడా గీయలేకపోయారని ముందు ముందు చూస్తాం.

ఇక వైద్యుల లెక్కకు వస్తే, చరకసంహిత సూత్రస్థానం ఇరవై అయిదో అధ్యాయంలో ఆసవాల, అంటే పులియబెట్టిన పానీయాల పద్దు ఉంది. ధాన్యాల నుంచి 6, పండ్ల నుంచి 26, వేళ్ల నుంచి 11, చేవ నుంచి 20, పూల నుంచి 10, కాండాల నుంచి 4, ఆకుల నుంచి 2, బెరళ్ల నుంచి 4, చక్కెర నుంచి 1. మొత్తం 84. పది పూలలో మన ఇప్పపువ్వు ఉంది, ధాతకీ ఉంది. ధాన్యాల ఆరింటిలో సుర ఉంది, కౌటిల్యుడు బెల్లంతో చేయమన్న మైరేయాన్నీ ఈ పద్దు ఇక్కడే చేర్చింది. బీరుకు దగ్గరి చుట్టాలు ఇవే.

ఇక కుండ సంగతి. వైద్యగ్రంథం రాసిన శార్ఙ్గధరుడు చెప్పిన సాధారణ కొలత ఇలా ఉంటుంది: ఒక ద్రోణం ద్రవానికి ఒక తుల బెల్లం, అంటే నూరు పలాలు, ఇప్పటి లెక్కలో దాదాపు 4.8 కిలోలు. బెల్లంలో సగం తేనె. పదోవంతు దినుసుల పొడులు. మూలికలను కాచి కషాయంతో చేస్తే అరిష్టం, కాచకుండా చేస్తే ఆసవం. ఇంత తీపి ఎందుకంటే, చిక్కటి తీపిలో చాలా సూక్ష్మజీవులు బతకలేవు, ఈస్టు బతుకుతుంది. దినుసుల్లో ధాతకీ పూలు తప్పనిసరి. ఎర్రగా, గొట్టాల్లా ఉండే ఆ చిన్నపూల తేనెలో సహజంగానే ఈస్టు ఉంటుంది. వైద్యుడికి ఆ సంగతి తెలియదు. ఆ పువ్వు వేసిన కుండ పలికిందని, వేయని కుండ పాడైందని మాత్రం తెలుసు. పాశ్చర్ 1857లో పులియడం ప్రాణుల పని అని తేల్చేదాకా, లోకంలో పులియబెట్టేవాళ్లందరికీ ఉన్న జ్ఞానం ఇలాంటిదే.

కుండ మట్టిది. మట్టికి సూదిమొనంత రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిల్లో పాత పులుపు దాక్కుంటుంది, వాటి గుండా కొత్త పానీయం కారిపోతుంది. అందుకే లోపల నెయ్యి రుద్దుతారు. తర్వాత కుండను బోర్లించి, కింద నిప్పుల మీద గుగ్గులు, పిప్పలి వంటివి చల్లి లోపలంతా పొగ పట్టిస్తారు. దీన్నే ధూపనం అంటారు. పొగలోని ఘాటైన పదార్థాలు గోడకు అంటుకున్న క్రిములను చాలావరకు చంపుతాయి. నెయ్యి ఆ పొగ వాసనను పట్టుకుని వదలదు. నా గొంతు చివర నిలిచిన రుచి అదే. రుచి కోసం ఎవరూ పొగ పెట్టలేదు. కుండ శుభ్రం కోసం పెట్టిన పొగ రుచిగా మిగిలింది.

కుండ నిండా పొయ్యరు, పొంగడానికి పైన చోటు వదులుతారు. మూతకు చీలమన్ను చేసి, ధాన్యపు రాశిలోనో నేలలోనో పూడుస్తారు. మా మెట్టవాళ్లకు ఇది వింత కాదు, జొన్నలు పాతరలో దాచిన చేతులే. బయట మండుటెండ ఉన్నా, రాత్రి చలి ఉన్నా, పాతర లోపల వెచ్చదనం ఒకటే తీరున ఉంటుంది. ఈస్టుకు కావలసింది అదే. పదిహేను రోజులు, నెల, ఒక్కో మందుకు ఒక్కో గడువు. చివరికి అందులో తనంతట తాను పుట్టిన మద్యసారం సాధారణంగా నూటికి 5 నుంచి 10 పాళ్లుంటుంది. మామూలు బీరు సుమారు 5 పాళ్లే.

దశమూలారిష్టంలో పది వేళ్లు. మారేడు వేరు వాటిలో ఒకటి. చేలగట్ల మీద పాకే నేలవాకుడు ఒకటి, చెప్పుల్లేకుండా పొలం దాటిన ప్రతివాడి అరికాలికీ తెలిసిన పల్లేరు ఒకటి. ఊరి బీడు భూమే ఆ కుండకు దినుసుల కొట్టు.

ఇలాంటి పానీయం మనదొక్కరిదే అనుకోకూడదు. స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ దీవిలో రైతులు ఇళ్లలో దింపే గోట్లాండ్స్‌డ్రికాలో కట్టెల పొగ పట్టిన బార్లీ మొలకలు, జూనిపర్ కొమ్మలు ఉంటాయి. జర్మనీలోని బాంబెర్గ్‌లో బీచ్ కట్టెల మంట మీద మొలకలు ఆరబెట్టిన పొగబీరు ఇప్పటికీ చేస్తారు. అక్కడ పొగ ధాన్యం ద్వారా వచ్చింది. తడి మొలకలను ఆరబెట్టడానికి కట్టెల మంట తప్ప మరో దారి సులువుగా లేని రోజుల్లో బీరంటేనే ఎంతో కొంత పొగ. మూలికలు మాత్రం మన కుండలో చేసిన పనే చేశాయి. తర్వాత యూరప్‌లో హాప్స్ పువ్వు మిగతా మూలికలను పక్కకు నెట్టింది. 1516లో బవేరియా పాలకులు బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప బీరులో మరేమీ వేయకూడదని శాసించారు. ఆ పట్టికలో ఈస్టు లేదు. వాళ్లకూ తెలియదు మరి.

మన దగ్గర మూలికల కుండను అలా పక్కకు నెట్టినవాళ్లు లేరు, అది మందుల అరలోకి వెళ్లి బతికింది. అప్పటి తూర్పుగోదావరి జిల్లా చింతలూరు వంటి చోట్ల కర్మాగారాల్లో పెద్ద ఎత్తున తయారై మెట్ట పల్లెల దాకా సీసాల్లో వచ్చింది. అప్పుడు ప్రభుత్వానికి పిలిందవచ్ఛుడి సమస్యే ఎదురైంది. సుంకాల మీద 1955లో చేసిన కేంద్ర చట్టం, తనంతట తాను సారం పుట్టే ఆయుర్వేద మందులను రెండుగా విడదీసింది: మామూలు మద్యంలా తాగడానికి వీలైనవి, వీలుకానివి. ధనంబోడు గుట్ట కాలం నాటి హద్దే, కాగితం మారింది. హద్దు లేని తాగుడునూ మన నేల చూసింది: 1992లో దూబగుంట పల్లె ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1995 జనవరిలో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. సారా మింగేసిన ఇళ్లను దగ్గర నుంచి చూసినవాణ్ణి, వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. అందుకే చెబుతున్నాను, అరిష్టాన్ని చెంచాతో కొలవాలి, గ్లాసుతో కాదు.

పెద్దాయన కూడా నాకు రెండో గిన్నె ఇవ్వలేదు. వడకట్టగా మిగిలిన పిప్పిని జామచెట్టు మొదట్లో పోశారు. ఖాళీ కుండను కడిగి, ఎండలో ఆరబెట్టి, సాయంత్రానికి లోపల మళ్లీ నెయ్యి రుద్దారు. తర్వాత దాన్ని బోర్లించి, కింద నిప్పుల మీద చిటికెడు గుగ్గులు వేశారు. అంచుల కింద నుంచి తెల్లటి పొగ నేల పట్టుకుని పాకింది.