పంచలో పొనికి, బల్ల మీద ప్లాస్టిక్

జగ్గయ్యపేటను ఆనుకుని ధనంబోడు అనే గుట్ట ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించి ఒక బౌద్ధ స్తూపాన్ని బయటపెట్టాడు. దొరికిన స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం నాటి ప్రాకృత శాసనం ఉంది. అంటే క్రీస్తుశకం 3వ శతాబ్దం. అక్కడ అయిదు ఆయక స్తంభాలు (స్తూపం ముందు వేదిక మీద నిలిపేవి) నిలబెట్టించిన సిద్ధార్థుడు వృత్తిరీత్యా ఆవేశని, అంటే పనివాళ్ల శాలకు పెద్ద. తండ్రి నాగచంద్రుడిదీ అదే పని. దానం తన ఒక్కడి పేరున రాయించుకోకుండా తల్లిని, భార్యను, పిల్లలను, తోడబుట్టినవాళ్లను అందులో కలుపుకున్నాడు. మన ప్రాంతంలో చేతిపని అంటే కుటుంబం మొత్తం పని అని చెప్పే పాత సాక్ష్యాల్లో ఇదొకటి.

ఇంట్లో చిన్న నమూనాలు కట్టుకోవడానికి ఒక చోటు ఏర్పాటు చేసుకోవడం ఇవాళ పట్నం పిల్లల సరదాగా కనిపిస్తుంది. బల్ల, దీపం, సన్నకత్తి, రంగుసీసాల అర. కానీ కంచికచర్ల మండలంలోని చెవిటికల్లు నుంచి చూస్తే ఈ కథకు పడమట జగ్గయ్యపేట, తూర్పున కొండపల్లి, కృష్ణ అవతల అమరావతి కాపలా కాస్తున్నాయి. ఈ ప్రాంతం 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది గానీ, పెద్దదాన్ని చిన్నదిగా చేసి చూపించే విద్య ఈ ఒడ్డున పాతదే.

అమరావతి స్తూపం అండాన్ని (గుమ్మటాన్ని), ప్రాకారాన్ని, ఆయక స్తంభాలను చూసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అయినా అది ఎలా ఉండేదో మనకు తెలుసు. స్తూపానికి తొడిగిన పలకల మీదే ఆ స్తూపం బొమ్మను శిల్పులు చిన్నదిగా చెక్కారు కాబట్టి. స్కేలు పట్టి చేసిన పని కాదది. ద్వారం దగ్గర సింహాలు, పైన ఎగిరే దేవతలు శిల్పికి ఎంత ముఖ్యమనిపిస్తే అంత పెద్దగా ఉంటారు. కొలతలు ఆ తర్వాత ఎప్పటికో వచ్చాయి. తండ్రి జగ్గయ్య పేరున జగ్గయ్యపేటను నిలిపిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 18వ శతాబ్దం చివర చింతపల్లి నుంచి అమరావతికి మకాం మార్చినప్పుడు, కట్టడాల కోసం స్తూపం దిబ్బ తవ్వుతుంటే ఈ పలకలు బయటపడ్డాయి. 1798లో వచ్చి చూసిన సర్వేయరు కాలిన్ మెకంజీ, 1816-17ల్లో తన బృందంతో తిరిగి వచ్చి దిబ్బను కొలిపించి పటాలు గీయించాడు. చూసిన ముఖ్యాన్ని పెద్దది చేసే చూపు ఒకటి, గొలుసు పట్టి కొలిచే చూపు ఒకటి. ఈ రెండూ మన నమూనాల పనిలో ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉన్నాయి.

ఆ పోట్లాటలో మొదటి పక్షం కొండపల్లిది.

కొండపల్లి బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు తమ పెద్దలు నాలుగు వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. శివుడి వరంతో చేతిపని పొందిన ముక్తర్షి తమ మూలపురుషుడని వాళ్ల నమ్మకం. వలస సంగతి ఎలా ఉన్నా, వాళ్లను ఇక్కడ కట్టిపడేసింది కొండమీది అడవిలో పెరిగే తెల్లపొనికి చెట్టు. పొనికి కొయ్య తేలిక, మెత్తన. పచ్చిమీద నీరు ఎక్కువ కాబట్టి ఆరబెట్టకుండా చెక్కితే తర్వాత ముడుచుకుపోతుంది, రంగు పట్టదు. అందుకని ముందు ఆరబెట్టి, ఆపైన సన్నసెగకు నెమ్మదిగా కాచి లోపలి తేమంతా తీసేస్తారు. బాడిశెతో పైపైన రూపం తెచ్చి, ఉలి, బహుదార వంటి పనిముట్లతో చెక్కి, ఆకురాయితో అంచులు నునుపు చేస్తారు. ఏనుగైతే తొండం, చెవులు, కాళ్లు, పైన అంబారీ దేనికదే చెక్కుతారు. వాటిని అతికేది మక్కు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది. అతుకు ఆరాక సుద్ద పూసి, దాని మీద మేకవెంట్రుకల కుంచెతో రంగు వేస్తారు. చెక్కుడు ఎక్కువగా మగవాళ్లది, రంగు ఆడవాళ్లది.

ఈ వరుసను పని జరిగే తావుగా చదివితే ఇల్లు మొత్తం కనిపిస్తుంది. ఆరబెట్టడానికి ఎండ తగిలే వాకిలో పెరడో కావాలి. సెగకు పొయ్యి కావాలి. చెక్కుడుకు నేల మీద కూర్చుని కాళ్లు చాపుకునే వెసులుబాటు, పొట్టు ఎగిరినా పట్టింపులేని పంచ కావాలి. మక్కు సరుకు వంటింటిదే. రంగుకు గాలి దుమ్ము లేని మూల, పక్కనుంచి పడే వెలుతురు కావాలి. బల్ల అనే మాటే ఎక్కడా రాదు. మన ఇళ్లలో కర్మశాలకు ప్రత్యేకంగా గది లేకపోవడానికి పేదరికం ఒక కారణమే గానీ, అదొక్కటే కాదని నా అభిప్రాయం. ఈ పనికి కావలసిన ఎండ, సెగ, నీడ, గాలి ఒక్క గదిలో దొరకవు. పాత పెంకుటింట్లో అవి తలా ఒకచోట ఉండేవి.

కొండపల్లి పక్కన పెట్టి పోల్చదగిన ఊరు ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో, లక్క పూతతో చేసే అక్కడి బొమ్మలకు లేత్ యంత్రం తప్పనిసరి. తిరిగే కర్రకు లక్క అదిమితే ఆ వేడికే కరిగి పట్టేస్తుంది. అందువల్ల అక్కడ పని ఒకచోట స్థిరపడింది, రూపమూ గుండ్రంగానే మిగిలింది. కొండపల్లి చెయ్యి ఎటైనా తిరుగుతుంది. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన ఏటికొప్పాక సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీలో నడిచినవీ ఏటికొప్పాక బొమ్మలే. పొనికితో పనిచేసే మరో ఊరు నిర్మల్, తెలంగాణలో.

కొండపల్లి బొమ్మల్లో దశావతారాలు, అంబారీ ఏనుగు పేరుపడ్డవి. నమూనాల చరిత్ర రాసేవాడికి మాత్రం పల్లె బొమ్మలే అసలు సంపద. రెండెడ్ల బండి, దంచే ఆడవాళ్లు, గంగిరెద్దులవాడు, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు. ఆ తాటిచెట్టును చూడండి. అసలు చెట్టు మనిషికి పది రెట్లు ఉంటుంది. బొమ్మలో మూడు నాలుగు రెట్లు మించదు. కొలతబద్ద పట్టుకొచ్చినవాడికి అది తప్పు. కానీ నిజమైన లెక్కన చెక్కితే మనిషి గింజంత అయిపోతాడు, అతని నడుముకున్న మోకు కనిపించదు. సంక్రాంతి బొమ్మల కొలువులో నాలుగడుగుల దూరం నుంచి చూసే పేరంటాళ్లకు కనపడవలసింది ఆ మోకు, ఆ లొట్టి. పైగా చేతికొచ్చిన కొయ్య ఎంత లావుంటే బొమ్మ అంత.

కొలత విషయంలో పడమటి దేశాలవాళ్లు గట్టిపట్టు పట్టారు గానీ, వాళ్లదీ మొదట కొయ్యపనే. 1932లో ఇంగ్లండులో స్కైబర్డ్స్ అనే పేరుతో వచ్చిన విమానాల సరంజామా కొయ్య, లోహపు ముక్కలతోనే ఉండేది. 1/72 అనే నిష్పత్తిని వాడుకలోకి తెచ్చింది అదే. ఆరడుగుల మనిషి అందులో సరిగ్గా ఒక అంగుళం. 1936లో ఫ్రాగ్ సంస్థ పెంగ్విన్ పేరుతో ప్లాస్టిక్ ముక్కలు అమ్మింది. 1939లో మొదలైన ఎయిర్‌ఫిక్స్ 1949లో ఫెర్గూసన్ ట్రాక్టరు నమూనా చేసి, 1952లో గోల్డెన్ హైండ్ ఓడను ఊల్‌వర్త్ దుకాణాల్లో రెండు షిల్లింగులకు పెట్టింది. ముక్కలు విడివిడిగా పోతపోసి, అతికే పని కొన్నవాడికి వదిలేయడం ఇందులోని కిటుకు. కొండపల్లిలో ఏనుగు చెవి, తొండం, అంబారీ విడిగా చేసి మక్కుతో అతకడం కూడా ఇదే పద్ధతి. కాకపోతే అక్కడ చెక్కినవాడూ అతికినవాడూ ఒకే ఇంటివాడు. ముక్కలు పోతపోసే అచ్చు యంత్రం వాళ్లిద్దరినీ విడదీసింది. అతకడం ఒక్కటే మిగిలినవాడికి పొయ్యి, పెరడు అక్కర్లేదు, భోజనాల బల్ల చాలు. ఇంట్లో ఒక మూల బల్ల వేసుకుని నమూనాలు కట్టుకోవడమనే అలవాటు ఈ విడదీతలోంచి పుట్టింది.

కొలత మీద అంత పట్టుదల ఉన్నవాళ్లు కూడా సరుకుకు లొంగక తప్పలేదు. సైనిక వాహనాల నమూనాలకు ఇవాళ ప్రపంచమంతా వాడే 1/35 నిష్పత్తి జపాన్‌లోని తమియా సంస్థ పాంథర్ ట్యాంకు చేసినప్పుడు వచ్చింది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టడానికి ఎంత చోటు కావాలో చూసుకుంటే ఆ లెక్క తేలింది. కొండపల్లిలో కొయ్య లావు ఎంతో, అక్కడ బ్యాటరీ లావు అంత. ఈ సంగతి చదివినప్పుడు నవ్వొచ్చింది.

తెలుగునాట కొలత పట్టి అతికే ఈ రెండో రకం పని ఇళ్లలోకి ఆలస్యంగా, వంకరదారుల్లో వచ్చింది. ఎన్‌సీసీ వైమానిక విభాగంలో చేరిన పిల్లలకు బాల్సా కొయ్య విమానాలు పరిచయమయ్యాయి. బాల్సా దక్షిణ అమెరికా చెట్టు, ఖరీదు. బళ్లలో ప్రాజెక్టు పనులకు అట్ట, థర్మోకోల్, అగ్గిపుల్లలు. ఒక పెద్ద నమూనాను మాత్రం నీళ్లే కట్టించాయి. నాగార్జునసాగర్ కింద మునిగిపోయే లోయను 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వారు. మునిగిన లోయ రూపాన్ని నాగార్జునకొండ మ్యూజియంలో నమూనాగా నిలిపారు. అసలు పోయాక చిన్నది మిగలడం మనకు కొత్త కాదు. పక్కనున్న నందిగామ మెట్టలో పత్తి, మిరప తోలేవి ఇప్పుడు ట్రాక్టర్లు. రెండెడ్ల బండి కొండపల్లి దుకాణంలో మాత్రం రోజూ కనిపిస్తుంది. దీనికి తిరగేసిన ఉదాహరణ చెవిటికల్లుకు దగ్గర్లోనే ఉంది. పరిటాలలో 2003లో వెలసిన హనుమంతుడు 135 అడుగులు. గుప్పిట్లో పట్టే దేవుణ్ణి చేసే ఊరికీ, తలెత్తినా మొహం సరిగా కనపడని దేవుణ్ణి కట్టిన ఊరికీ మధ్య దూరం కొద్ది మైళ్లే.

కొండపల్లిలో కూడా చోటు మారింది. బొమ్మల కాలనీలో చాలా ఇళ్లకు ముందు భాగం దుకాణం, వెనక పని. ప్రభుత్వ లేపాక్షి దుకాణాలు సరుకును ఊరు దాటించాయి. భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో కొండపల్లి పేరు వినపడింది. కానీ అసలు మార్పు రంగు డబ్బాతో వచ్చిందని నాకనిపిస్తుంది. సహజ రంగుల చోట ఎనామిల్ వచ్చాక మెరుపు పెరిగింది, నీళ్లకు చెదరని గట్టితనం వచ్చింది, దాంతోపాటు ఇంట్లోకి టర్పెంటైన్ వాసనా వచ్చింది. వంటింటి సరుకుతో సాగిన పనికి పంచ చాలు. ద్రావకాలతో సాగే పనికి గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో చూసుకోవాలి. ఆ పెంకుటిళ్ల స్థానంలో సిమెంటు గదులు వచ్చిన రోజుల్లోనే ఈ మార్పు జరగడం దురదృష్టం.

ఇవాళ చెవిటికల్లులో డాబా ఇంటి మీద గదిలో ఎవరైనా బల్ల వేసుకుంటే పేచీ అక్కడే మొదలవుతుంది. విదేశీ పుస్తకాల్లో చెప్పే ఏర్పాట్లు చల్లటి దేశాలకు రాసినవి. ఇక్కడ మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల కింద వదిలేసిన పలుచని ప్లాస్టిక్ ముక్క వంగుతుంది. సూపర్ గ్లూ సీసాలోనే గట్టిపడుతుంది, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. ఎయిర్‌బ్రష్‌తో కొట్టిన రంగు ముక్కను చేరేలోపే ఆరి పొడిలా రాలుతుంది. తెల్లవారుజామున కొట్టుకుంటే మేలు. వానాకాలంలో గాలి చెమ్మకు లాకర్ పూత మీద తెల్లటి మసక కడుతుంది. అప్పుడు ఆగడమే మందు. ఫ్యాను కింద పనిచేస్తే దుమ్మంతా తడి రంగు మీదకే వస్తుంది కాబట్టి, కిటికీలో గాలిని బయటికి నెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, రంగు పని దాని ముందు చేసుకోవాలి. ప్లాస్టిక్‌ను, రెసిన్‌ను పొడిగా రుద్దకుండా నీళ్లలో ముంచిన ఎమరీతో రుద్దితే పొడి ఊపిరితిత్తుల్లోకి పోదు.

త్రీడీ ప్రింటర్ వచ్చాక కథ మరోసారి వెనక్కి తిరిగింది. అతకడం ఒక్కటే మిగిలినవాడికి ముక్కను తయారుచేసే పని మళ్లీ చేతికొచ్చింది. దాంతో ఒక్క బల్ల చాలడం లేదు. ద్రవ రెసిన్ చర్మానికి పడదు, చేతికి నైట్రైల్ తొడుగులు వేసుకోవాలి. ముక్కను ఆల్కహాల్‌లో కడగాలి, ఆపైన అతినీలలోహిత కాంతిలో గట్టిపరచాలి. కడగడానికి గాలాడే వసారా, గట్టిపరచడానికి దీపపు పెట్టె లేకపోతే డాబా మీద ఎండ. పొనికి కొయ్యను ఆరబెట్టిన ఎండే.

తెల్లపొనికి ఇప్పుడు అంత తేలిగ్గా దొరకదు. అడవి మీద ఒత్తిడి పెరిగింది, చెట్లు నాటి పెంచుకోవలసిన పరిస్థితి వచ్చింది. నమూనాలు కట్టేవాళ్లకు చిన్న ముక్కలు చాలు గనుక కొండపల్లి పనివాళ్లను అడిగి, వాళ్లు పక్కన పడేసే తునకలు కొనుక్కోవచ్చు. 1/35 లెక్కన రెండెడ్ల బండి కట్టాలంటే అయిదడుగుల చక్రం 44 మిల్లీమీటర్ల లోపే వస్తుంది, దానికి అరచేతిలో పట్టే తునక సరిపోతుంది. కొత్త బ్లేడుతోనే కోయాలి, మొద్దుదైతే మెత్తటి కొయ్య తెగకుండా నలిగిపోతుంది. రంగుకు ముందు పలుచని చింతగింజల జిగురు ఒక పూత పూసి, ఆరాక సుద్ద పట్టిస్తే ఈనెలు పైకి తేలవు. ఇరుసు, ఆకులు, నొగలు, కాడి కొలతలకు పుస్తకాలు వెతకనక్కర్లేదు. నందిగామ చుట్టుపక్కల ఏ దొడ్లోనో చింతచెట్టు కింద మూలపడ్డ పాత బండి దగ్గరికి టేపు పట్టుకుని పోతే, ఆ ఇంటి ముసలాయన దగ్గరుండి కొలిపిస్తాడు.