శిశువుల వెన్నులో మత్తుసూది

నెలలు నిండకముందే పుట్టిన శిశువులకు గజ్జలో హెర్నియా తరచుగా వచ్చును. జారిన పేగు అందు బిగిసిపోయినచో ప్రాణాపాయము. కావున శస్త్రచికిత్స అవసరమగును. కాని అట్టి శిశువునకు పూర్తి మత్తు ఇచ్చినచో, మెలకువ వచ్చిన తరువాత కూడ కొన్ని గంటలవరకు ఊపిరి ఉండియుండి ఆగిపోవచ్చును. శ్వాసను నడపు మెదడు భాగము ఇంకను పక్వము కాకపోవుటయే ఇందుకు కారణము. ఈ చిక్కునకు వైద్యులు ఒక పాత పద్ధతిలో ఉపాయము వెదకిరి.

1898 ఆగస్టు 16వ తేదీన జర్మనీలోని కీల్ నగరములో ఆగస్ట్ బియర్ అను శస్త్రవైద్యుడు, వెన్నుపామును చుట్టియున్న ద్రవములోనికి కొకెయిన్ ఎక్కించి రోగి కాలికి శస్త్రచికిత్స చేసెను. రోగి మెలకువగానే యుండెను. కాలిలో నొప్పి తెలియలేదు. 1901లో అమెరికా వైద్యుడు బెయిన్‌బ్రిడ్జ్, మూడు నెలల శిశువునకు ఈ విధముగనే మత్తు ఇచ్చి హెర్నియాను సరిచేసిన వృత్తాంతమును ప్రకటించెను. 1909లో లండను నగరమున టిరెల్ గ్రే పిల్లలలో రెండువందల శస్త్రచికిత్సల అనుభవమును వెల్లడించెను.

1942లో కెనడాలో గ్రిఫిత్ అను వైద్యుడు కండరములను సడలించుటకు కురారే వాడెను. తరువాత పూర్తి మత్తు సులభము కాగా, పిల్లలలో వెన్నుసూది మూలబడెను. అయితే వైద్యము పెరిగినకొలది, మునుపు దక్కని అతి చిన్న శిశువులు బ్రతుకసాగిరి. వారితోబాటు ఊపిరి చిక్కును పెరిగెను. 1984లో వెర్మాంట్ విశ్వవిద్యాలయమునకు చెందిన అబాజియన్ బృందము 78 మంది శిశువులకు వెన్నుసూది ఇచ్చిన అనుభవమును ప్రచురింపగా, ఆ పద్ధతి మరల వాడుకలోనికి వచ్చెను.

శిశువు శరీరము పెద్దవారి శరీరమునకు చిన్న నమూనా కాదు. పెద్దవారి వెన్నుపాము మొదటి నడుముపూస దగ్గర ముగియును. నవజాత శిశువులో మూడవ పూసవరకు వచ్చును. కావున సూదిని ఇంకను దిగువన గ్రుచ్చవలెను. బరువుతో పోల్చినచో శిశువు వెన్నుద్రవము పెద్దవారికి ఇంచుమించు రెట్టింపు. అందుచే మందు మోతాదు హెచ్చుగా కావలెను. ఐనను మత్తు సుమారు ఒక గంటయే నిలుచును. అయితే పెద్దవారిలోవలె రక్తపీడనము అంతగా పడిపోదు.

ఇక, పూర్తి మత్తు పసి మెదడును చెరచునా? ఏడు దేశములలోని 28 ఆసుపత్రులు 722 మంది శిశువులపై దీనిని పరిశీలించెను. కొందరికి పూర్తి మత్తు, మిగిలినవారికి నడుము దిగువకు మాత్రమే మత్తు ఇచ్చిరి. రెండవ విధమున తొలి అరగంటలో ఊపిరి ఆగుట తక్కువ. కాని సుమారు అయిదుగురిలో ఒకరికి ఆ మత్తు చాలలేదు. పిల్లలకు అయిదేండ్లు వచ్చిన తరువాత వారి తెలివిని పరీక్షింపగా ఇరువర్గముల నడుమ భేదము కానరాలేదని 2019లో ప్రకటించిరి. గంటకు లోబడిన ఒక్క మత్తుకే ఈ ఫలితము వర్తించును.

కనుక నేడు వైద్యుడు శిశువు బరువును, నెలలను, శస్త్రచికిత్సకు పట్టు కాలమును చూచి ఈ రెండు మార్గములలో తగినదానిని ఎన్నుకొనును.