వైస్ నడిచిన యంత్రాలు

కొమొడోర్ 64 కంప్యూటర్ 1982లో వచ్చింది. కోటికి పైగా అమ్ముడైంది. 1994లో కంపెనీయే దివాలా తీసింది. అయినా ఆనాటి ఆటలు ఇప్పటికీ ఆడుకోగలుగుతున్నామంటే పాత యంత్రాన్ని కొత్తదానిలో అనుకరించే 'వైస్' లాంటి ఎమ్యులేటర్ల చలవే. 1990ల మొదట్లో యార్కో సొన్నినెన్ యూనిక్స్ కోసం రాసిన 'ఎక్స్64' వైస్‌కు మూలం.

యూనిక్స్ నుంచి దాన్ని మిగతా యంత్రాలకు చేర్చినవాళ్ల శ్రమ గురించి చెప్పుకున్నది తక్కువ. అలా చేర్చిన రూపాన్నే పోర్టు అంటారు. డాస్ పోర్టు కోడు ఎత్తోరె పెరాజ్జోలీ రాశారు. 2003లో ఆయన చిన్న వయసులోనే కన్నుమూశారు. ఓఎస్/2, బీఓఎస్, అమిగా, రిస్క్ ఓఎస్‌లకూ పోర్టులు వచ్చాయి. జీతాల్లేవు, ఇష్టమే పెట్టుబడి.

రిస్క్ ఓఎస్ సంగతే చూడండి. అక్కడ ఏ ప్రోగ్రామైనా తనంతట తాను పక్కకు తప్పుకుంటేనే మరోదానికి వంతు వస్తుంది. ఎమ్యులేటరుకేమో ఊపిరి సలపని పని. యూరప్ మోడల్ కొమొడోర్ 64లో తెరమీద ఒక్క ఫ్రేము పూర్తి కావాలంటే ప్రాసెసర్ 19,656 సైకిళ్లు తిరగాలి. అలాంటి ఫ్రేములు సెకనుకు 50. ఈ పరుగు ఆగకుండా, పక్క ప్రోగ్రాములు బిగుసుకుపోకుండా ఎప్పుడు చోటివ్వాలన్నది పోర్టు రాసేవాళ్లే తేల్చుకోవాలి.

అమిగాతో ఇంకో తంటా. 258 అనే సంఖ్యను దాని ప్రాసెసర్ 1, 2 అనే వరుసలో రెండు బైట్లుగా దాస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్ 2, 1 అని దాస్తుంది. ఒకచోట దాచింది మరోచోట అలాగే చదివితే 258 కాస్తా 513 అవుతుంది. పీసీ మీద ఏళ్లతరబడి బయటపడని ఇలాంటి తప్పు అమిగాలో మొదటిరోజే దొరికిపోతుంది. చిన్న వేదికల పోర్టుల వల్ల అందరికీ జరిగే మేలు ఇదే. వాడేవాళ్లు పదిమందే కదా అని తీసిపారేయడం అన్యాయం.

కానీ చూసుకునే మనిషి తప్పుకుంటే పోర్టు నిలవదు. ప్రధాన కోడు మారుతూనే ఉంటుంది; పాత మెషీన్, పాత కంపైలర్ దగ్గరుంచుకుని ప్రతి మార్పునూ పరీక్షించేవాళ్లు కావాలి. వాళ్లు లేకనే వైస్ 3 తరంలో పాత పోర్టులు చాలావరకు తొలగిపోయాయి. ఇప్పుడు జీటీకే3 (కిటికీలు, మెనూలు గీసే లైబ్రరీ), ఎస్‌డీఎల్ రూపాలే ప్రధానం.

ఎస్‌డీఎల్ అంటే తెర, శబ్దం, కీబోర్డుల పని చూసిపెట్టే లైబ్రరీ. 1998లో శామ్ లాంటింగా మొదలుపెట్టారు. అది నడిచేచోటికి ఎమ్యులేటరును తేవడం చాలా తేలిక. అయితే ఆ లైబ్రరీనైనా చిన్న వేదికకు ఎవరో ఒకరు తేవాలి. అమిగా ఓఎస్ 4 కోసం ఎస్‌డీఎల్2ను వలంటీర్లే విడిగా చూసుకుంటున్నారు.